ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను అనగా చెవులపై అమరే కప్పుల వెనుక భాగమును మూసివేయక, జాలీ లేదా రంధ్రముల ద్వారా బయటి గాలికి తెరచి ఉంచిన హెడ్‌ఫోను. వెనుక భాగము పూర్తిగా మూసి ఉన్నదానిని క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోను అనీ, కొంత మూసి కొంత తెరచినదానిని సెమీ-ఓపెన్ హెడ్‌ఫోను అనీ అంటారు. నిశ్శబ్దమైన గదిలో కూర్చుని శ్రద్ధగా సంగీతము వినడానికీ, స్టూడియోలలో రికార్డింగులను సరిచూడడానికీ ఓపెన్-బ్యాక్ రకమును ఎక్కువగా ఎంచుకుంటారు. బస్సులో, రైలులో, నలుగురు చదువుకునే గదిలో ఇది పనికిరాదు. ఎందుకంటే బయటి చప్పుడు లోనికి వస్తుంది, లోపలి పాట బయటికి వినబడుతుంది. ఈ రకపు హెడ్‌ఫోనుకు గల మంచి పేరు, దానికి గల ఇబ్బందులు రెండూ వెనుక భాగము తెరచి ఉండడము అనే ఒకే కారణము నుండి పుట్టినవి.

పనిచేయు విధానము

హెడ్‌ఫోనులోని ముఖ్య భాగమును డ్రైవరు అంటారు. సాధారణ డ్రైవరులో ఒక పలుచని పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, ఒక శాశ్వత అయస్కాంతము ఉంటాయి. తీగచుట్టలో పాటకు అనుగుణమైన విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంత క్షేత్రములో ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానితో పాటు పొర కూడా కంపించి గాలిలో శబ్ద తరంగములను పుట్టిస్తుంది. లౌడ్‌స్పీకరు పనిచేసే సూత్రము కూడా ఇదే.

పొర ముందుకు కదిలినపుడు చెవి వైపు గాలి నొక్కుకొంటుంది; అదే క్షణములో వెనుక వైపు గాలి పలుచబడుతుంది. అనగా ప్రతి డ్రైవరు రెండు తరంగములను పుట్టిస్తుంది. ముందు తరంగము చెవికి చేరుతుంది. వెనుక తరంగము దానికి వ్యతిరేక దశలో ఉంటుంది. క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోనులో ఈ వెనుక తరంగము కప్పు గోడలకు తగిలి పరావర్తనము చెంది, పలుచని పొర గుండా కొంత ఆలస్యముగా చెవి వైపు తిరిగి వస్తుంది. కప్పులోని గాలికి తనదైన అనునాద పౌనఃపున్యము కూడా ఉంటుంది. ఈ రెండింటి వలన కొన్ని స్వరములు ఉబ్బినట్లు, కొన్ని అణగినట్లు వినిపించవచ్చు. కుండలో నోరు పెట్టి మాట్లాడితే గొంతు మారినట్లు వినబడడము ఇటువంటిదే.

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులో వెనుక తరంగము జాలీ గుండా బయటికి వెళ్ళిపోతుంది. తిరిగి వచ్చే భాగము బాగా తగ్గుతుంది. అందువలన స్వరము ఆగిన తరువాత మిగిలే అనవసరపు మ్రోత తక్కువగా ఉంటుంది. కంఠములూ వాద్యములూ ఒకదానితో ఒకటి కలిసిపోక విడివిడిగా వినిపిస్తాయి.

దీనికి చెల్లించవలసిన మూల్యము అతిమంద్ర ధ్వనులలో కనిపిస్తుంది. సాధారణ డ్రైవరు గల చాలా ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులలో సుమారు 50–60 హెర్ట్జ్‌లకు దిగువన ధ్వని క్రమముగా బలహీనపడుతుంది. మెత్తలకూ చర్మమునకూ మధ్య సందు ఉంటే, ఉదాహరణకు కళ్ళజోడు పెట్టుకున్నవారిలో, ఈ తగ్గుదల మరింత ఎక్కువవుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన నథానియల్ బాల్డ్విన్ 1910లో తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొనుగోలు చేసింది. అవి రేడియో సంకేతములు వినడానికి ఉద్దేశించినవి. 1937లో జర్మనీలోని బేయర్ సంస్థ డీటీ 48 అనే డైనమిక్ హెడ్‌ఫోనును విడుదల చేసింది. 1958లో అమెరికాలో జాన్ కాస్ రూపొందించిన ఎస్‌పీ/3 వలన ఇంట్లో స్టీరియో సంగీతము వినడానికి హెడ్‌ఫోను వాడడము ప్రచారములోనికి వచ్చింది. 1960లో జపానుకు చెందిన స్టాక్స్ సంస్థ స్థిరవిద్యుత్ సూత్రముపై పనిచేసే ఎస్ఆర్-1ను అమ్మకానికి తెచ్చింది.

1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డీ 414ను విడుదల చేసింది. వెనుక భాగము తెరచిన హెడ్‌ఫోనులు జనబాహుళ్యములోనికి వచ్చినది దీనితోనే. అంతకు ముందటి హెడ్‌ఫోనులు బరువుగా ఉండి చెవులను గట్టిగా మూసివేసేవి. హెచ్‌డీ 414 తేలికగా, పసుపుపచ్చని స్పాంజి మెత్తలతో ఉండేది. ఇది కోటికి పైగా అమ్ముడైనట్లు తయారీదారులు ప్రకటించారు.

1976లో జపానుకు చెందిన యమహా సంస్థ చదునైన పొర గల హెచ్‌పీ-1ను తెచ్చింది. ఆస్ట్రియాకు చెందిన ఏకేజీ సంస్థ 1989లో విడుదల చేసిన కే1000కు అసలు కప్పులే లేవు; డ్రైవర్లు చెవులకు కొంచెము ఎడముగా వ్రేలాడేవి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 1997లో, హెచ్‌డీ 650 2003లో, హెచ్‌డీ 800 2009లో వెలువడినవి. 2022లో సెన్‌హైజర్ వారి గృహవినియోగ విభాగము స్విట్జర్లాండుకు చెందిన సోనోవా సంస్థ చేతికి వెళ్ళింది. సోనోవా వినికిడి యంత్రములకు పేరొందిన సంస్థ కావడము గమనార్హము.

డ్రైవరు రకములు

* డైనమిక్ రకము: పైన వివరించిన తీగచుట్ట పద్ధతి. ధర తక్కువ, బరువు తక్కువ, మన్నిక ఎక్కువ. అత్యధిక నమూనాలు ఈ రకమునకు చెందినవే.
* చదునైన అయస్కాంత రకము: దీనిని ప్లేనార్ అని వ్యవహరిస్తారు. విద్యుత్తు ప్రవహించే పట్టీలను పొర అంతటా పరచి, అయస్కాంతముల వరుస మధ్య ఉంచుతారు. పొర అంతా ఒకేసారి కదులుతుంది. మంద్ర ధ్వనులు చాలా దిగువ వరకు తగ్గకుండా వినిపించడము దీని ప్రత్యేకత. అయస్కాంతముల వలన బరువు ఎక్కువ.
* స్థిరవిద్యుత్ రకము: మిక్కిలి పలుచని, విద్యుదావేశము గల పొరను రెండు లోహపు జాలీల మధ్య ఉంచుతారు. సూక్ష్మ వివరములు చక్కగా వినిపిస్తాయి. దీనికి ప్రత్యేకమైన ఆంప్లిఫయరు తప్పనిసరి. స్టాక్స్ వారి ప్రొ శ్రేణిలో పొరకు ఇచ్చే వోల్టేజి 580 వోల్టులు.

ధ్వని నాణ్యతను నిర్ణయించే అంశములు

పౌనఃపున్య స్పందన: మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు, వయసు పెరిగే కొద్దీ పై హద్దు తగ్గుతుంది. ఈ పరిధిలో ఏ స్వరము ఎంత బలముగా వినిపిస్తున్నదో తెలిపేదే పౌనఃపున్య స్పందన. హెడ్‌ఫోను ధ్వని స్వభావములో అత్యధిక భాగము దీనిపైనే ఆధారపడుతుంది. పెట్టెపై ముద్రించే అంకెలను చూసి దీనిని గ్రహించలేము. హెచ్‌డీ 600కు 12–40,500 హెర్ట్జ్‌లనీ, డీటీ 990 ప్రొకు 5–35,000 హెర్ట్జ్‌లనీ తయారీదారులు పేర్కొన్నారు. ఈ అంకెలు రెండు చివరలను మాత్రమే చెబుతాయి. మధ్యలోని హెచ్చుతగ్గులను చెప్పవు. ఊరి పొలిమేరలు తెలిసినంత మాత్రాన ఊరిలోని వీధులు తెలియవు కదా.

నాదగుణము: ఒకే శ్రుతిలో, ఒకే బలముతో మ్రోగినా వీణనూ వేణువునూ గుర్తుపట్టగలగడానికి కారణము వాటి అతిస్వరములలోని తేడా. హెడ్‌ఫోను కొన్ని అతిస్వరములను పెంచి, కొన్నింటిని తగ్గిస్తే వాద్యపు నాదగుణమే మారిపోతుంది.

విస్తృతి: వాద్యములు తల లోపల కాక, చుట్టూ విస్తరించినట్లు తోచడము. ఓపెన్-బ్యాక్ రకములో ఇది సాధారణముగా మెరుగు. అయితే దీనికి పరిమితి కలదు. లౌడ్‌స్పీకర్ల ముందు కూర్చున్నపుడు ఎడమ స్పీకరు శబ్దము ఎడమ చెవికే కాక, అతి స్వల్ప ఆలస్యముతో కుడి చెవికి కూడా చేరుతుంది. హెడ్‌ఫోనులో అలా జరగదు. కనుక ఎంత మంచి ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను అయినా ఎదుట కచేరీ జరుగుతున్న అనుభూతిని పూర్తిగా ఇవ్వలేదు.

ఇంపెడెన్స్: హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ 300 ఓములు, డీటీ 990 ప్రొ 250 ఓములు, ఏకేజీ కే701 62 ఓములు. ఇంపెడెన్స్ ఎక్కువగా ఉన్నవాటికి ఎక్కువ వోల్టేజి కావలెను. మొబైల్ ఫోనుకు నేరుగా కలిపితే చాలినంత బిగ్గరగా వినిపించకపోవచ్చు. అయితే ఇంపెడెన్స్ నాణ్యతకు కొలత కాదు.

కొన్ని ప్రసిద్ధ నమూనాల పోలిక

* సెన్‌హైజర్ హెచ్‌డీ 600: కంఠధ్వని సహజముగా వినిపించడానికి ప్రసిద్ధి. అతిమంద్ర ధ్వనులు తక్కువ. విస్తృతి పరిమితము.
* సెన్‌హైజర్ హెచ్‌డీ 650: పై దానికి దగ్గరి బంధువు. పై పౌనఃపున్యములు కొంత మెత్తగా ఉండడము వలన ఎక్కువసేపు వినడానికి అనుకూలము.
* బేయర్‌డైనమిక్ డీటీ 990: మంద్ర, తార ధ్వనులు రెండూ హెచ్చు. తాళముల మ్రోత మెరుస్తుంది, కాని స, శ, ష అక్షరములు కొందరికి చెవిలో గుచ్చుకున్నట్లు ఉంటాయి.
* ఏకేజీ కే701: విస్తృతి ఎక్కువ, మంద్ర ధ్వనులు తక్కువ. వయొలిన్, వేణువు బాగుంటాయి. మృదంగపు ఎడమ వైపు నాదము పలుచగా తోచవచ్చు.
* గ్రాడో ఎస్ఆర్ శ్రేణి: స్పాంజి మెత్తలు చెవులపైనే ఆనుతాయి. తీగవాద్యములు ముందుకు వచ్చినట్లు చురుకుగా వినిపిస్తాయి. మంద్ర ధ్వనులు తక్కువ.
* సెన్‌హైజర్ హెచ్‌డీ 800: 56 మిల్లీమీటర్ల డ్రైవరు చెవికి ఎడముగా, వాలుగా అమర్చబడినది. విస్తృతిలో పేరొందినది. 6,000 హెర్ట్జ్‌ల ప్రాంతములో కొంత హెచ్చు కలదు.

వీటిలో ఏ ఒక్కటీ అన్ని రకముల సంగీతమునకు ఉత్తమమని చెప్పడానికి వీలు లేదు. 2017లో యెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు రెండు వందలకు పైగా హెడ్‌ఫోనుల కొలతలను పరిశీలించి, పౌనఃపున్య స్పందనకూ ధరకూ సంబంధము లేదని తేల్చాడు. అంతకు ముందు 2012 నుండి అమెరికాలోని హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ తదితరులు జరిపిన పరీక్షలలో, మంచి గదిలో మంచి లౌడ్‌స్పీకర్లు ఇచ్చే ధ్వనికి దగ్గరగా ఉన్న హెడ్‌ఫోనులనే ఎక్కువమంది శ్రోతలు ఇష్టపడినట్లు తెలిసింది.

పోల్చు పద్ధతి

రెండు హెడ్‌ఫోనులను పోల్చునపుడు సాధారణముగా జరిగే పొరపాటు ధ్వని స్థాయిని సమానము చేయకపోవడము. ఒకటి రెండు డెసిబెల్‌లు ఎక్కువ బిగ్గరగా ఉన్నదే మనకు మెరుగ్గా తోస్తుంది. అది బిగ్గరగా ఉన్నదని మనకు తెలియదు. స్పష్టముగా ఉన్నదనీ, నిండుగా ఉన్నదనీ అనుకొంటాము. కనుక ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

# రెండింటి ధ్వని స్థాయిని వీలైనంత సమానముగా సరిచేయాలి.
# బాగా తెలిసిన పాటలో 10–20 సెకండ్ల భాగమును ఎంచుకొని, అదే భాగమును మార్చి మార్చి వినాలి. శ్రవణ స్మృతి మిక్కిలి స్వల్పకాలికము. నిన్న విన్న దానితో నేడు విన్న దానిని పోల్చడము నమ్మదగినది కాదు.
# ఒకే ఆంప్లిఫయరు, ఒకే రికార్డింగు వాడాలి.
# మెత్తలు చెవుల చుట్టూ సరిగా అమరినవో లేదో చూడాలి. అరిగిన మెత్తలు ధ్వనిని మారుస్తాయి.
# మొదటి అభిప్రాయము వ్రాసిపెట్టుకొని, మరునాడు మరల విని సరిచూడాలి.

కళ్ళకు గంతలు కట్టుకొన్నా హెడ్‌ఫోను బరువును, మెత్తల స్పర్శను బట్టి అది ఏదో తెలిసిపోతుంది. ఈ ఇబ్బందిని తప్పించడానికి హార్మన్ పరిశోధకులు ఒకే హెడ్‌ఫోనులో వేర్వేరు హెడ్‌ఫోనుల స్పందనలను అనుకరించి వినిపించే పద్ధతిని కూడా వాడారు.

తెలుగువారి సంగీతము - పరీక్షా రికార్డింగులు

హెడ్‌ఫోనుల గురించిన వ్యాసములలో పరీక్ష కొరకు పాశ్చాత్య సంగీతమునే ఎక్కువగా సూచిస్తారు. శ్రోతకు ఆ వాద్యముల అసలు ధ్వని పరిచయము లేకపోతే ఆ పరీక్ష వలన ప్రయోజనము స్వల్పము. ప్రత్యక్షముగా విన్న ధ్వనినే కొలమానముగా తీసుకోవలెను.

* తంబురా: గుర్రముపై తీగ కింద ఉంచే నూలుపోగు వలన అతిస్వరములు సమృద్ధిగా పుడతాయి. గాయకుని కంఠము వెనుక ఆ నాదము ఎడతెగకుండా వినబడుతున్నదా, లేక గాత్రము మొదలుకాగానే మాయమవుతున్నదా అని గమనించాలి.
* మృదంగము: సాధారణ చర్మవాద్యములకు భిన్నముగా మృదంగపు అతిస్వరములు క్రమమైన నిష్పత్తిలో ఉంటాయని సి. వి. రామన్ 1920లో సహరచయితతో కలిసి నేచర్ పత్రికలో ప్రకటించారు. కుడి వైపు శ్రుతి, ఎడమ వైపు గుంభనము రెండూ వేర్వేరుగా తెలియాలి.
* వీణ: ఈమని శంకరశాస్త్రి వంటి విద్వాంసుల రికార్డింగులలో మీటు తరువాత తీగను లాగి పలికించే గమకము ఎంతవరకు వినబడుతున్నదో చూడవచ్చు. మీటు చప్పుడు మాత్రమే వినిపించి గమకము అణగిపోతే ఆ హెడ్‌ఫోను వీణకు తగదు.
* పాత చలనచిత్ర గీతములు: ఘంటసాల పాడిన 1950ల నాటి పాటలు మోనో రికార్డింగులు. రెండు చెవులకూ ఒకే శబ్దము చేరడము వలన పాట తల మధ్యలో వినిపిస్తుంది. అది హెడ్‌ఫోను లోపము కాదు. వీటిలో కంఠపు నాదగుణమును మాత్రమే పరీక్షించాలి. తార ధ్వనులు హెచ్చుగా గల హెడ్‌ఫోనులో పాత రికార్డుల గరగర పెరుగుతుంది.

వరంగల్ ప్రాంతపు శ్రోతలకు మరి రెండు మంచి పరీక్షలు కలవు. మొదటిది ఒగ్గు కథ. ప్రధాన కథకుని గొంతు, వంతపాడేవారి గొంతులు, డోలు, తాళములు ఒకేసారి సాగుతాయి. కథకుని మాటలు డోలు దెబ్బల మధ్య స్పష్టముగా తెలిస్తే ఆ హెడ్‌ఫోను ధ్వనులను విడదీయడములో సమర్థమైనదని చెప్పవచ్చు. రెండవది వరంగల్‌కు చెందిన ప్రఖ్యాత ధ్వన్యనుకరణ కళాకారుడు, పద్మశ్రీ నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) రికార్డింగులు. ఒకే కంఠము పలువురి కంఠములుగా మారడము నాదగుణములోని సూక్ష్మ భేదముల వలననే సాధ్యము. ఆ భేదములు మధ్యమ పౌనఃపున్యములలో ఎక్కువగా ఉంటాయి. ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనుల ముఖ్య బలము కూడా అక్కడే కలదు.

ఎఫ్.ఎం. రేడియో ద్వారా వచ్చే సంగీతముతో పరీక్షించునపుడు ఒక విషయము గుర్తుంచుకోవాలి. ఎఫ్.ఎం. ప్రసారములో ధ్వని పరిధి సుమారు 15,000 హెర్ట్జ్‌లకు పరిమితము. ప్రసారములో లేనిదానిని ఎంత ఖరీదైన హెడ్‌ఫోను అయినా వినిపించలేదు.

పరిసరముల శబ్దము - వినికిడి భద్రత

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను బయటి చప్పుడును దాదాపుగా అడ్డగించదు. కనుక దాని నాణ్యత గది నిశ్శబ్దముపై ఆధారపడి ఉంటుంది. వరంగల్‌లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది; పంకా ఆపి కూర్చోవడము కష్టము. పంకా చప్పుడు సాధారణముగా 40–50 డెసిబెల్‌ల మధ్య ఉంటుంది. తంబురా నాదము, ఆలాపన చివరి మెల్లని స్వరములు వంటివి ఈ చప్పుడులో మునిగిపోతాయి. ఇతర పరిస్థితులలో మెరుగైన ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను, పంకా కింద మాత్రము సామాన్యమైన క్లోజ్డ్-బ్యాక్ కంటే తక్కువ వివరములను వినిపించవచ్చు.

అప్పుడు శ్రోత తనకు తెలియకుండానే ధ్వనిని పెంచుతాడు. అసలు ప్రమాదము ఇక్కడ కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 2019లో కలిసి ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్‌ల స్థాయిలో వారమునకు 40 గంటల వరకు, పిల్లలు 75 డెసిబెల్‌ల స్థాయిలో 40 గంటల వరకు వినవచ్చును. ప్రతి 3 డెసిబెల్‌ల పెంపుతో సురక్షిత కాలము సగము అవుతుంది. అనగా పెద్దలకు 83 డెసిబెల్‌ల వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు మాత్రమే. పంకా చప్పుడును అధిగమించడానికి 9 డెసిబెల్‌లు పెంచిన విద్యార్థి, వారమంతటికీ సరిపడే పరిమితిని ఒక్క పూటలోనే ముగిస్తాడు.

లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణములు నశిస్తే మానవులలో తిరిగి పెరగవు. సాధారణముగా మొదట దెబ్బతినేది 3,000–6,000 హెర్ట్జ్‌ల ప్రాంతము. హల్లుల స్పష్టత, వాద్యముల మెరుపు ఆ ప్రాంతముపైనే ఎక్కువగా ఆధారపడతాయి. మంచి ధ్వని కొరకు కొన్న పరికరమే ఆ ధ్వనిని వినే శక్తిని హరించడము శోచనీయము. విన్న తరువాత చెవులలో గుయ్యిమనే మ్రోత మిగిలితే, ధ్వని హద్దు మీరినదని గ్రహించాలి.

తెల్లవారుజామున గాని, చలికాలపు రాత్రులలో గాని, పంకా ఆపగలిగిన వేళ తక్కువ ధ్వనితో వినడము ఉత్తమము. అయితే రాత్రివేళ నిశ్శబ్దములో హెడ్‌ఫోను నుండి బయటికి వచ్చే పాట అదే గదిలో నిద్రించేవారికి వినబడుతుంది.

అపోహలు

* ధర ఎక్కువైతే ధ్వని మెరుగు అనేది నిజము కాదు. ధరలో కట్టడము, పేరు, విడిభాగముల లభ్యత కూడా చేరి ఉంటాయి.
* కొత్త హెడ్‌ఫోనును వందల గంటలు మ్రోగిస్తేనే అసలు ధ్వని వస్తుందని కొందరి నమ్మకము. కొలతలలో కనబడే మార్పు మిక్కిలి స్వల్పము. మెత్తలు తల ఆకృతికి సర్దుకోవడము, చెవి అలవాటు పడడము ఇందుకు ముఖ్య కారణములు.
* ఖరీదైన తీగ వలన ధ్వని మారుతుందనే వాదమునకు, తీగ లోపము లేనిదైతే, ఆధారము లేదు.
* ఓపెన్-బ్యాక్ రకము చెవులకు హాని చేయదనేది అపాయకరమైన అపోహ. చెవికి చేరే శబ్దపు స్థాయి, విన్న కాలము మాత్రమే లెక్కలోనికి వస్తాయి.

ఎంపిక

నిశ్శబ్దమైన గది, తనకంటూ కొంత సమయము గలవారికి ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను తగినది. గాత్రము, వీణ, వయొలిన్ ఎక్కువగా వినేవారు మధ్యమ పౌనఃపున్యములు సమముగా గలదానిని, డోలు, మృదంగము, నేటి సినిమా పాటలు ఎక్కువగా వినేవారు మంద్ర ధ్వనులు నిండుగా గలదానిని పరిశీలించాలి. వేసవిలో చెమట వలన మెత్తలు త్వరగా పాడవుతాయి కనుక మార్చుకొనుటకు వీలైన మెత్తలు గల నమూనా మేలు. గుడ్డ మెత్తలు తోలు మెత్తల కంటే చల్లగా ఉంటాయి. ప్రయాణములో, వసతిగృహములో, పంకా ఆపలేని గదిలో వినేవారికి క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోనే ఉచితము. అటువంటి చోట అది తక్కువ ధ్వనితోనే ఎక్కువ వినిపిస్తుంది, చెవులను కూడా కాపాడుతుంది.

ఇవి కూడా చూడండి

* శబ్దము
* డెసిబెల్
* లౌడ్‌స్పీకరు
* మృదంగము
* తంబురా
* ఒగ్గు కథ
* నేరెళ్ళ వేణుమాధవ్